పసరు నల్లబడే గుంటగలగర

ఈ నెల మనం ఒక తెల్లపువ్వు సంగతి చెప్పుకుందాం. పువ్వు అన్నాను గదా అని గులాబీనో చామంతినో ఊహించుకోకండి. ఇది చొక్కా గుండీ అంతైనా ఉండదు. దీన్ని మాల కట్టేవారు లేరు, పూలకొట్టులో అమ్మేవారు లేరు. మీలో చాలామంది బడికి పోతూ, వస్తూ దీన్ని తొక్కుకుంటూ నడుస్తున్నారు. అయినా మన అమ్మమ్మల కాలంలో తలనూనెకూ, కంటికాటుకకూ, ఆఖరికి అక్షరాలు దిద్దుకునే పలకకూ ఈ మొక్క కావలసి వచ్చేది. దీని పేరు గుంటగలగర. కొన్ని చోట్ల గుంటగరగర అంటారు. గుంటగలిజేరు అనేవారు కూడా ఉన్నారు. అయితే ఒట్టి గలిజేరు అంటే మటుకు వేరే మొక్క.

పేరులోనే దీని చిరునామా ఉన్నది. నీరు నిలిచే గుంటల పక్కన పెరుగుతుంది గనక గుంటగలగర. అశ్వారావుపేట ప్రాంతం ఇలాంటి మొక్కలకు మంచి తావు. అశ్వారావుపేట తెలంగాణకు ఒక చివర ఉన్నది. అక్కడినుంచి జంగారెడ్డిగూడెం దారి పడితే కాసేపటికే ఆంధ్రప్రదేశ్ వస్తుంది. 2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది, ఆ సంవత్సరం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. చుట్టూ అడవి, అడవిలోంచి దిగివచ్చే వాగులు, వాగుల కింద వరిమళ్ళు, వాటి పక్కన ఇప్పుడు ఎటు చూసినా పామాయిలు తోటలు. కోయలూ, కొండరెడ్లూ, బయటినుంచి వచ్చి స్థిరపడిన రైతులూ కలిసి ఉండే సీమ అది. వానలు పడి నేల చెమ్మగిల్లితే చాలు, పొలంగట్ల మీదా, బోదెల అంచునా, బోరు నీళ్ళు పడే చోటా గుంటగలగర లేస్తుంది.

దాన్ని గుర్తుపట్టడం ఎలాగో చెబుతాను. మొక్క జానెడు మొదలు మూరెడు దాకా పెరుగుతుంది. కొన్ని నిటారుగా ఉంటాయి, కొన్ని నేలమీద పాకి, కణుపు నేలకు తగిలినచోటల్లా వేళ్ళు పోసుకుంటాయి. కాడ కాస్త ఎర్రడాలుగా ఉంటుంది. ఆకులు ఒకదానికొకటి ఎదురుగా, జంటలు జంటలుగా పుడతాయి. ఆకుకు తొడిమ ఉండీ లేనట్టుగా ఉంటుంది. వేలితో నిమిరితే గరగరలాడుతుంది, ఎందుకంటే ఆకు నిండా పొట్టి నూగు ఉన్నది.

ఇక పువ్వు. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పూల గుంపు. పొద్దుతిరుగుడు పువ్వును దగ్గరగా చూసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఇది కూడా ఆ కుటుంబానిదే. అంచున సన్నని తెల్లని రేకులు వరసగా ఉంటాయి, ఒక్కొక్క రేకు ఒక్కొక్క పువ్వు. మధ్యన బొడిపెలాగా కనిపించేదంతా చిట్టిచిట్టి గొట్టాల పూలు. భూతద్దం ఉంటే ఒక్కసారి చూడండి. లేకపోతే కంటికి దగ్గరగా పెట్టుకున్నా సరే, కొంతవరకు తెలుస్తుంది.

గడ్డిచామంతిని చూసి గుంటగలగర అనుకునేవారు చాలామంది ఉన్నారు. పెద్దవాళ్ళు కూడా పొరబడుతారు. గడ్డిచామంతి పువ్వు నడుమ పచ్చగా ఉంటుంది, పొడుగాటి కాడ చివర ఒంటరిగా నిలబడుతుంది. అది ఎండునేలను ఇష్టపడుతుంది. దాని పుట్టిల్లు మధ్య అమెరికా. మన దేశానికి తరవాత వచ్చి, రోడ్ల పక్కన స్థిరపడిపోయింది. అన్నిటికన్నా మంచి గుర్తు విత్తనంలో ఉన్నది. గడ్డిచామంతి విత్తనానికి జిల్లేడు గింజకు ఉన్నట్టు తెల్లని కుచ్చు ఉంటుంది, గాలి వస్తే ఎగిరిపోతుంది. గుంటగలగర విత్తనానికి ఆ కుచ్చు లేదు.

ఈ లోపం వల్లనే దానికి శాస్త్రంలో పేరు వచ్చింది. స్వీడన్ దేశపు లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త 1771లో దీనికి ఎక్లిప్టా అనే పేరు ఖాయం చేశాడు. అది లోపించడం అనే అర్థం గల గ్రీకు మాటనుంచి పుట్టింది. గ్రహణాన్ని ఇంగ్లీషువారు ఎక్లిప్స్ అంటారు గదా, ఆ మాటకూ మూలం అదే. గ్రహణంలో లోపించేది వెలుగు, ఈ మొక్కలో లోపించింది విత్తనపు కుచ్చు.

మరి ఎగరలేని విత్తనం ఊళ్ళు ఎలా దాటుతుంది? నీళ్ళ మీద తేలిపోతుంది. గేదె గిట్టలకూ, రైతు కాళ్ళకూ, నాగలికీ అంటిన బురదతో ప్రయాణం చేస్తుంది. ఒక మొక్క వేలకొద్దీ గింజలు రాల్చుతుంది. అశ్వారావుపేట మండలంలో గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు ఉన్నది. 2024 జూలైలో పెద్ద వానలకు దాని కట్ట తెగి, కింది పొలాలకు చాలా నష్టం కలిగింది. అటువంటి వరదలు మనిషికి కీడే చేస్తాయి. కాని ఆ నీటితోపాటే ఇటువంటి కలుపుమొక్కల గింజలు కూడా ఒక ఊరినుంచి మరో ఊరికి చేరి, కొత్త ఒండ్రులో మొలకెత్తుతాయి.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చేద్దాం. గుంటగలగర కాడను ఒకటి తుంచి, ఒక తెల్లకాగితం మీద పెట్టి గుండ్రాయితో నలపండి. కాగితం మీద ఆకుపచ్చని మరక పడుతుంది. దాన్ని అలాగే వదిలి, వేరే పని చూసుకుని వచ్చి మళ్ళీ చూడండి. పచ్చదనం పోయి మరక నల్లబడుతూ ఉంటుంది. ఇందులో మాయ ఏమీ లేదు. వంకాయను కోసి నీళ్ళలో వేయకపోతే నల్లబడటం మీరు వంటింట్లో చూసే ఉంటారు. ఆకు నలిగినప్పుడు దాని కణాలు పగిలి, లోపలి పదార్థాలకు గాలిలోని ప్రాణవాయువు తగులుతుంది. రెండూ కలిసి నల్లని రంగు తయారవుతుంది. మన మొక్కలో ఈ గుణం మరీ ఎక్కువ.

మన పెద్దలు దీన్ని వాడిన పద్ధతులలో చాలావాటికి కారణం ఈ నలుపే. పాతకాలంలో పల్లెటూరి బడులలో చెక్కపలకలు ఉండేవి. రాసి, చెరిపి, రాసి, చెరిపి నెల తిరిగేసరికి పలక తెల్లబారిపోయేది. అప్పుడు పిల్లలు బొగ్గు నూరి, ఈ ఆకు పసరుతో కలిపి పలకకు పట్టించి ఎండబెట్టేవారు. బొగ్గుపొడి ఒక్కటే అయితే చేతికి అంటుకుని ఊడిపోతుంది. పసరు దాన్ని చెక్కకు పట్టి ఉంచుతుంది. గుంటగలగర దొరకని ఊళ్ళో దొండాకు వాడేవారు, గడ్డిచామంతి ఆకు వాడేవారు కూడా ఉండేవారు. ఇప్పుడు పలకలు రేకువీ, ప్లాస్టిక్‌వీ వచ్చాయి గనక ఈ పని పోయింది. మీ తాతగారిని అడగండి, ఆయన బడిలో ఏ ఆకు వాడారో చెబుతారు.

కాటుక తయారీ ఇంకొంచెం ఓపికతో కూడిన పని. శుభ్రమైన నూలుగుడ్డను ఈ పసరులో తడిపి నీడన ఆరవేస్తారు. ఆరిన గుడ్డను మళ్ళీ తడుపుతారు. ఇలా కొన్నిసార్లు చేసి, ఆ గుడ్డను వత్తిగా చేసి ఆముదంలోనో నేతిలోనో వెలిగించి, పైన రాగిపళ్ళెమో ఇత్తడిపళ్ళెమో బోర్లిస్తారు. తెల్లారేసరికి పళ్ళేనికి మసి పడుతుంది. దాన్ని గీకి, కాస్త నేతితో రంగరిస్తే కాటుక. ఇక్కడ నలుపు దీపపు మసిది. పసరు వత్తికి మాత్రమే చేరుతుంది. ఇంకొక మాట కూడా చెప్పాలి. పసిపిల్లల కళ్ళలో ఏ కాటుకా పెట్టవద్దని ఇప్పటి వైద్యులు అంటున్నారు. వేలికి ఉన్న మురికి కంట్లోకి పోతుందని వారి భయం, అది సబబైన భయమే. దిష్టిచుక్క కావాలంటే అరికాలికి పెట్టుకోవచ్చు.

పచ్చబొట్టు సంగతి మీరు వినే ఉంటారు. వెనక ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి, సూదులతో చర్మం మీద పొడిచి పచ్చబొట్లు వేసేవారు. పొడిచినచోట ఈ ఆకు పసరు రుద్దడం మన దేశంలో చాలాచోట్ల ఉన్న అలవాటు. చర్మంలో దిగిన ఆ రంగు నీలినలుపుగా మారి జన్మంతా నిలిచిపోయేది.

అన్నిటికన్నా పేరుమోసినది తలనూనె. ఆకు కడిగి దంచి, పసరు పిండి, నువ్వులనూనెలోగాని కొబ్బరినూనెలోగాని పోసి సన్నని సెగమీద కాస్తారు. ఎప్పుడు దించాలో తెలుసుకోవడానికి మన పెద్దలకు ఒక పరీక్ష ఉన్నది. ఒక వత్తిని ఆ నూనెలో ముంచి వెలిగిస్తారు. చిటపటలాడితే ఇంకా కాగాలి. నిశ్శబ్దంగా మండితే దించవచ్చు. ఎందుకో ఆలోచించండి. నూనెలో నీటిచుక్క మిగిలి ఉంటే అది మంట వేడికి ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది, ఆ చప్పుడే మనకు వినిపించేది. తడి ఉన్న నూనె నిలవ ఉండదు, త్వరగా కారుతుంది. కొలిచే సాధనాలేవీ లేని ఇంట్లో చెవితో తడిని కొలిచారన్నమాట. నాకు ఈ నూనె మొత్తంలో ముచ్చటగా తోచేది ఈ పరీక్షే.

ఈ నూనె రాస్తే తెల్లవెంట్రుకలు నల్లబడతాయా అని మీ నాన్నగారు అడగవచ్చు. వెంట్రుకకు నలుపు వచ్చేది చర్మం లోపల, కుదురు దగ్గర. అక్కడ తయారయ్యే రంగు తగ్గిపోతే వెంట్రుక తెల్లగా వస్తుంది. పైన రాసిన పసరు వెంట్రుకకు కొంత చాయ ఇవ్వవచ్చుగాని, కుదురులో రంగు పోయదు. ఈ మొక్క రసం రాసినచోట వెంట్రుకలు త్వరగా పెరిగాయని 2008లో మన దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అయితే వాళ్ళు పరీక్షించింది ఎలుకలను.

సంస్కృతంలో దీన్ని భృంగరాజం అంటారు. భృంగమంటే తుమ్మెద. తుమ్మెదలాంటి నల్లని జుట్టు ఇస్తుందని ఆ పేరు. పాత వైద్యగ్రంథాలు తెల్లపూలది, పసుపుపూలది, నీలిపూలది అని మూడు రకాలు చెప్పాయి. పసుపుపూలది దీనికి చుట్టం, వేరే మొక్క. నీలిపూలది ఉన్నదని చెప్పి నూనె అమ్మవచ్చేవారి దగ్గర మటుకు జాగ్రత్తగా ఉండండి. ముందు పువ్వు చూపించమనండి. కేరళలో దీన్ని కయ్యోన్ని అంటారు. అక్కడ దశపుష్పాలని పది చిన్న మొక్కలను పవిత్రంగా చూస్తారు, తిరువాతిర పండుగకు ఆడవాళ్ళు జడలో తురుముకుంటారు. ఆ పదిలో ఇదీ ఒకటి. చైనావారు దీన్ని మో హాన్ లియెన్ అంటారు. మో అంటే సిరా, హాన్ అంటే పొడినేల, లియెన్ అంటే తామర. రేకులు రాలిన తరవాత దీని కాయ అచ్చంగా చిన్న తామరదుద్దులాగా ఉంటుంది, పసరేమో సిరాలాగా నల్లబడుతుంది. చైనా పిల్లవాడు ఎవరైనా అశ్వారావుపేట వచ్చి మనలాగే కాగితం మీద కాడ నలిపితే, ఆ పేరు ఎందుకు వచ్చిందో వాడికి చెప్పనక్కరలేదు.

లేత ఆకుతో పచ్చడి చేసుకుంటారు, పప్పులో కూడా వేస్తారు. కాస్త చేదు. చింతపండు, ఎండుమిరప తగిలితే ఆ చేదు బాగానే ఉంటుంది.

ఇక మందు సంగతి. కామెర్లకు దీని పసరు తాగించడం మన పల్లెల్లో పాత అలవాటు. 1956లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో టి. ఆర్. గోవిందాచారి అనే రసాయన శాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ, ఇంతకుముందు చెప్పిన పసుపుపూల మొక్కలోంచి ఒక కొత్త పదార్థాన్ని వేరుచేసి దాని నిర్మాణం కనిపెట్టారు. దానికి వెడెలోలాక్టోన్ అని పేరు పెట్టారు. మన తెల్లపూల గుంటగలగరలో కూడా అదే ఉన్నది. 1986లో జర్మనీలో హిల్డెబర్ట్ వాగ్నర్ అనే శాస్త్రవేత్త బృందం, ఈ పదార్థం కాలేయపు కణాలను కొన్ని విషాల నుంచి కాపాడుతుందని ప్రయోగశాలలో చూపించింది. అంటే మన పెద్దల మాటలో కొంత సత్తా ఉన్నదన్నమాట. కాని గాజుపాత్రలో పెంచిన కణాలు వేరు, జబ్బుపడిన పిల్లవాడు వేరు. కామెర్లు అనేది ఒకే జబ్బు కాదు. కలుషితమైన నీటివల్ల రావచ్చు, రక్తదోషం వల్ల రావచ్చు, పిత్తం దారి మూసుకుపోయి రావచ్చు. ఏదైందీ తెలియాలంటే రక్తపరీక్ష చేయాలి. కళ్ళు పచ్చబడితే ముందు డాక్టరు దగ్గరికి పోవాలి.

దీనికన్నా ముఖ్యమైనది పాముకాటు. గుంటగలగర పాము విషానికి విరుగుడు అనే నమ్మకం మన దేశంలోనూ ఉన్నది, ఎక్కడో ఉన్న బ్రెజిల్‌లోనూ ఉన్నది. బ్రెజిల్ శాస్త్రజ్ఞులు 1989లో దీన్ని పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. ఈ మొక్క సారం ఒక పాము విషాన్ని నిజంగానే విరిచింది. ఇంతవరకు వింటే ఆశ కలుగుతుంది. కాని వాళ్ళు పరీక్షించింది దక్షిణ అమెరికాలోని గిలకపాము విషాన్ని. ఆ పాము మన అడవుల్లో లేదు. పైగా విషాన్నీ సారాన్నీ ముందుగానే గాజుపాత్రలో కలిపి, ఆ తరవాత చిట్టెలుకలకు సూదితో ఎక్కించారు. మనను కరిచే పాము ముందుగా తన విషంలో మన పసరు కలుపుకుని రాదు గదా!

ఇది నేను ఎందుకు ఇంత పట్టుబట్టి చెబుతున్నానంటే, ఈ మొక్క పూచే తావూ, పాము తిరిగే తావూ ఒకటే. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్ళలో పాముకాటువల్ల దాదాపు 12 లక్షలమంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. సగటున ఏడాదికి 58,000 మంది. అందులో సుమారు సగం చావులు జూన్ మొదలు సెప్టెంబరు లోపల, అంటే వరినాట్ల కాలంలో, గట్లమీద గుంటగలగర గుబురుగా ఉండే కాలంలో జరుగుతున్నాయి. అటువంటి ఎక్కువ చావులు జరిగిన ప్రాంతాలలో మన తెలుగు సీమ కూడా ఉన్నది.

ఎవరినైనా పాము కరిస్తే ఆకు వెతుకుతూ కాలం పోగొట్టరాదు. గాయాన్ని కోయరాదు, నోటితో పీల్చరాదు, తాడుతో బిగించి కట్టరాదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషికి ధైర్యం చెప్పి, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ యాంటీవెనమ్ అనే విరుగుడు మందు ఎక్కిస్తారు. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం అలవాటు చేసి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడుతో ఆ మందు తయారు చేస్తారు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికీ అది పనిచేస్తుంది. పాము ఏదో తెలియకపోయినా ఫరవాలేదు, దాన్ని పట్టడానికి పోవద్దు. ఆకు కోయడానికి గట్టు ఎక్కేటప్పుడు చేతిలో కర్ర ఉంచుకుని, ముందు గడ్డిని తట్టండి. చీకట్లో అసలే పోవద్దు.

మరొక జాగ్రత్త. ఇంట్లో మందు అయినా, వరిచేలో గుంటగలగర రైతుకు కలుపే. దాన్ని చంపడానికి ఇప్పుడు మందులు చల్లుతున్నారు. చల్లిన గట్టుమీది ఆకు చూడటానికి పచ్చగానే ఉండవచ్చు. పొలం ఎవరిదో కనుక్కుని, మందు కొట్టలేదని వారు చెబితేనే కోయండి. మురుగుకాలువ పక్కన పెరిగినదీ కూరకు పనికిరాదు. అశ్వారావుపేట వైపు ఒకప్పటి మళ్ళు పామాయిలు తోటలైపోతూ ఉంటే, నీరు నిలిచే గట్లు తగ్గి, మంచి ఆకు కోసం మునుపటికంటె దూరం నడవాలి.

అందుకని ఇంట్లోనే ఒకటి పెంచుకోవచ్చు. పగిలిన మట్టికుండ ఒకటి తీసుకుని, చెరువుమట్టి నింపి, బాగా తడపండి. ఎండిన గుంటగలగర కాయను అరచేతిలో నలిపితే నల్లని గింజలు రాలుతాయి. వాటిని సగం కుండలో మట్టిమీద ఊరకే చల్లండి. మిగతా సగంలో చిటికెనవేలి గోరంత లోతున పూడ్చండి. మధ్య ఒక పుల్ల పాతి హద్దు పెట్టండి. రోజూ నీరు చిలకరిస్తూ ఎండ తగిలే చోట ఉంచండి. ఈ గింజకు వెలుగు తగలనిదే మొలక రాదు. కొన్నాళ్ళకు పుల్లకు ఇటువైపు చిట్టి ఆకుల జంటలు లేస్తాయి, అటువైపు మట్టి ఉత్తదిగానే ఉంటుంది. అప్పుడు పూడ్చిన గింజల మీది మట్టిని పుల్లతో మెల్లగా కెలికి, వాటిని పైకి తెచ్చి, మళ్ళీ నీరు చిలకరించి చూడండి.